గాలి కలిసొస్తే దగ్గర, ఎదురొస్తే దూరం

శంషాబాద్ విమానాశ్రయంలో పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అందులో మూడింట రెండు వంతులు కూడా లేని దూరానికి టికెట్ కొనుక్కుని విమానమెక్కే జనం ఉన్నారు. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అని రెండు దీవులు, వాటి మధ్య సముద్రపు పాయ. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు లోగన్ ఎయిర్ విమానం 1967 నుంచీ తిరుగుతోంది. దూరం 2.7 కిలోమీటర్లు. టైంటేబుల్లో రెండు నిమిషాలు అని రాసి ఉంటుంది, అదీ నేల మీద పరుగుతో కలిపి. గాలి బాగా కలిసొచ్చిన ఒక రోజున స్టువర్ట్ లింక్‌లేటర్ అనే పైలట్ 53 సెకన్లలో ఆవలి దీవిలో దించేశాడు. ఎనిమిది మంది పట్టే బుల్లి ఐలాండర్ విమానం అది. సీట్లన్నీ నిండితే ఒకరు పైలట్ పక్కనే కూర్చోవాలి. సరదాగా ఎక్కేవాళ్లూ ఉంటారు కానీ ప్రధానంగా అది బడికి వెళ్లే పంతుళ్లకు, ఆసుపత్రికి వెళ్లే రోగులకు మన పల్లెవెలుగు బస్సు లాంటిది.

ఇది పొట్టి కొస. పొడుగు కొసన సింగపూర్ ఎయిర్‌లైన్స్ నడిపే సింగపూర్–న్యూయార్క్ సర్వీసు ఉంది. దూరం 15,300 కిలోమీటర్ల పైచిలుకు, టైంటేబుల్ ప్రకారం 18 గంటల 40 నిమిషాలు. ఈ సంస్థ 2018 అక్టోబరులో న్యూయార్క్ పక్కనున్న న్యూవార్క్‌కు ఎక్కడా ఆగని సర్వీసు మొదలుపెట్టి రికార్డు కొట్టింది. 2020 నవంబరులో న్యూయార్క్‌లోని కెనడీ విమానాశ్రయానికి ఇంకొకటి మొదలుపెట్టింది. రెంటికీ తేడా ఓ నాలుగైదు కిలోమీటర్లు. ఆ నాలుగైదు కిలోమీటర్లతోనే తన రికార్డును తానే బద్దలు కొట్టుకుంది!

ఈ విమానంలో ఎకానమీ తరగతి లేదు. మామూలుగా ఇదే సంస్థ దూరప్రయాణపు ఏ350 విమానాల్లో 253 సీట్లు ఉంటే, న్యూయార్క్ వెళ్లే ప్రత్యేక రకంలో 161 మాత్రమే. అదేదో డాబుకు చేసిన ఏర్పాటు కాదు, తూకం లెక్క. విమానం ఎగిరేటప్పటి మొత్తం బరువు 280 టన్నులు దాటకూడదు. నిండు ట్యాంకులో పట్టే 1,65,000 లీటర్ల ఇంధనమే సుమారు 130 టన్నులు తూగుతుంది. సగం విమానం చమురే అన్నమాట. పైగా ఆఖరి గంటల్లో ఖర్చు కావలసిన చమురును మొదటి గంట నుంచీ మోసుకు తిరగాలి. ఆ మోతకు మళ్లీ చమురు కాల్చాలి. దారి పొడుగవుతున్న కొద్దీ ఈ వడ్డీ మీద వడ్డీ పెరిగిపోతుంది. అందుకే మధ్యలో ఎక్కడో ఒకచోట దిగి చమురు పోసుకుని వెళ్లే విమానం, తిన్నగా వెళ్లే విమానం కన్నా తక్కువ చమురుతో గమ్యం చేరడం వింతేమీ కాదు. ఇదే దారిలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2004లో నాలుగు ఇంజన్ల ఏ340-500 విమానాలను దింపి, చమురు ఖర్చు తడిసి మోపెడై 2013లో మానుకుంది. మళ్లీ రెండు ఇంజన్లతో పని కానిచ్చే విమానం వచ్చాకే తిరిగి మొదలెట్టింది.

ఆ పాత ఏ340ల గురించి ఒక విశేషం పత్రికల్లో బాగా తిరిగింది. పద్దెనిమిది గంటలు ఎక్కడా ఆగని ప్రయాణం కదా, దారిలో ఎవరైనా కాలం చేస్తే పార్థివ దేహాన్ని ఉంచడానికి ప్రత్యేకంగా ఒక అరను కట్టించారు. రేపు విమానమెక్కబోయే పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ పేరా చదివి వినిపించకండి.

ఆస్ట్రేలియా వాళ్లకు ఈ పొడుగు ప్రయాణపు రికార్డు మీద ఎప్పటి నుంచో కన్నుంది. ఇరవై గంటల పాటు ఎగిరితే తప్ప సిడ్నీ నుంచి లండన్ చేరలేరు, సుమారు 17,000 కిలోమీటర్లు. ఒకసారి ఎగిరి చూపించారు కూడా. 1989 ఆగస్టులో క్వాంటాస్ సంస్థ కొత్తగా చేతికొచ్చిన 747-400 జంబో జెట్‌ను లండన్ నుంచి సిడ్నీకి ఆగకుండా తీసుకుపోయింది. 20 గంటల 9 నిమిషాలు పట్టింది. ఎక్కువ సాంద్రత ఉన్న ఇంధనాన్ని ప్రత్యేకంగా చేయించారు. రన్‌వే దాకా ఇంజన్లు వేసుకుని వెళ్తే చమురు దండగని ట్రాక్టరుతో లాక్కెళ్లి నిలబెట్టారు. నాలుగు వందల మందిని మోయగల ఆ మహాకాయంలో ఉన్నది 23 మంది. రికార్డు సరే, వ్యాపారం ఎట్లా? 2019లో మళ్లీ ప్రయోగాలు చేశారు. అప్పుడూ యాభై మంది లోపూ పైనా జనంతో న్యూయార్క్ నుంచి సిడ్నీకి 19 గంటల 16 నిమిషాల్లో, లండన్ నుంచి 19 గంటల 19 నిమిషాల్లో చేరారు. ఎక్కినవాళ్ల నిద్ర, తిండి, మెదడు చురుకుదనం అన్నీ కొలిచారు. 2022లో ఇందుకోసమే 12 ఏ350-1000 విమానాలకు ఆర్డరు ఇచ్చారు. 238 సీట్లు, అదనంగా 20,000 లీటర్ల ట్యాంకు. ఇదే క్వాంటాస్ 1947 డిసెంబరులో సిడ్నీ–లండన్ సర్వీసు మొదలుపెట్టినప్పుడు డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీల్లో దిగుతూ ఎక్కుతూ నాలుగు రోజులు పట్టేది. ప్రయాణికులు 29 మంది, సిబ్బంది 11 మంది.

ఇక మన సంగతి. అమెరికాలో తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ ఊళ్లలో డాలస్ ఒకటి. హైదరాబాద్ నుంచి డాలస్‌కు దగ్గరి దారి ఎటు అని ఎవరినైనా అడగండి. పటం మీద చూసి పడమటికని వేలు పెడతారు, అరేబియా, ఐరోపా, అట్లాంటిక్ మీదుగా. కానీ భూగోళం బొమ్మ తీసుకుని రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూస్తే అది నేరుగా ఉత్తరానికి పోతుంది. ఉత్తర ధ్రువానికి ఐదు వందల కిలోమీటర్ల దూరం దాకా వెళ్లి, మంచు సముద్రం దాటి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. లెక్క కడితే సుమారు 14,400 కిలోమీటర్లు. సింగపూర్–న్యూయార్క్ కన్నా తొమ్మిది వందల కిలోమీటర్లు తక్కువే! అంటే ఎగరగలిగే విమానం ఉంది. అయినా మనవాళ్లు దుబాయ్‌లోనో దోహాలోనో దిగి, మళ్లీ ఎక్కి వెళ్తున్నారు.

దానివల్ల పెద్దగా నష్టపోతున్నదీ లేదు. హైదరాబాద్–దుబాయ్ సుమారు 2,550, దుబాయ్–డాలస్ సుమారు 12,900 కిలోమీటర్లు, మొత్తం కలిపినా 15,450 దాటదు. చుట్టుదారి అంటే వెయ్యి కిలోమీటర్లు, గంటా గంటంబావు. గల్ఫ్ సంస్థలు మన ఊళ్ల నుంచి ఇంత వ్యాపారం ఎందుకు చేసుకోగలుగుతున్నాయో ఈ లెక్కలోనే ఉంది. భూమ్మీద వాళ్లున్న చోటు అలాంటిది. కాలం పోయేది ఆకాశంలో కాదు, మధ్యలో ఆగే నాలుగు గంటల్లో. మొదటిసారి వెళ్లే అమ్మానాన్నలకు పిల్లలు ముందుగానే వీల్‌చైర్ బుక్ చేస్తారు. వాళ్లు నడవలేక కాదు, గేటు నంబరు వెతుక్కోలేక దారి తప్పుతారేమోనని. తిరుగు ప్రయాణంలో పిల్లలు విమానమెక్కితే ఇక్కడ తల్లి ఫోన్లో విమానం బొమ్మ కదులుతుంటే చూస్తూ కూర్చుంటుంది. గుంటూరు, కరీంనగర్ ఇళ్లలో గ్రీన్‌లాండ్ ఎక్కడుందో తెలిసినంతగా లక్షద్వీప్ ఎక్కడుందో తెలియదంటే నేను నమ్ముతాను.

హైదరాబాద్‌కు అమెరికా నుంచి తిన్నగా విమానం ఉండేది కూడా. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా చికాగో నుంచి మొదలుపెట్టింది. సుమారు 13,300 కిలోమీటర్లు. ఎక్కువ కాలం నడవలేదు. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో–బెంగళూరు తొలి విమానాన్ని నలుగురు మహిళా పైలట్లు, కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో, ఉత్తర ధ్రువం మీదుగా తెచ్చి దించారు. పదిహేడు గంటల పని.

హైదరాబాద్‌కు భూగోళానికి అవతలి వైపు సరిగ్గా ఏముందో తెలుసా? పసిఫిక్ మహాసముద్రం, నీళ్లు తప్ప ఏమీ లేదు. ఆ బిందువుకు అన్నిటికన్నా దగ్గరగా విమానాశ్రయం ఉన్న నేల ఈస్టర్ దీవి, పెద్ద పెద్ద రాతి విగ్రహాలకు పేరుపడ్డది. ఇక్కడి నుంచి 18,600 కిలోమీటర్ల పైమాటే. భూమ్మీద ఏ రెండు చోట్లూ సుమారు 20,000 కిలోమీటర్లకు మించి ఎడంగా ఉండే వీల్లేదు కాబట్టి, మనకు అంతకన్నా దూరపు చుట్టరికం దొరకదు.

ఇంతకూ కిలోమీటర్లు నిజానికి అంత ముఖ్యం కాదు. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిర్ ఇండియా మొదట అట్లాంటిక్ మీదుగా వెళ్లేది, సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దారి మార్చి తూర్పుగా, పసిఫిక్ మీదుగా తిప్పింది. అటు 15,300 కిలోమీటర్లు. పద్నాలుగు వందల కిలోమీటర్లు అదనం. కానీ ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది! చుట్టూ తిరిగి వెళ్తే ముందు చేరడమనే ఈ వింతకు కారణం వెనక నుంచి నెట్టే గాలి.

నేలకు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు నదిలా ప్రవహించే గాలిని జెట్ స్ట్రీమ్ అంటారు. దీన్ని మొదట శాస్త్రీయంగా కొలిచినవాడు జపాన్ వాతావరణ శాస్త్రవేత్త ఓయిషి వసాబురో. బెలూన్లు ఎగరేసి, వాటి వెంట కన్నేసి, శీతకాలంలో పైన గాలి ఎంత జోరుగా ఉంటుందో రాసిపెట్టాడు. ప్రపంచమంతా చదవాలని 1926లో ఆ నివేదికను ఎస్పెరాంతో భాషలో అచ్చు వేశాడు. ప్రపంచంలో ఎవరూ చదవలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి వచ్చిన అమెరికా బాంబర్లకు ఆ గాలి ఎదురై, మొహాన కొట్టినట్టు తెలిసొచ్చింది. జపాన్ మాత్రం అదే గాలికి బాంబులు కట్టిన బెలూన్లు వదిలి పసిఫిక్ దాటించింది.

ఈ గాలి ఎక్కి కూర్చుంటే ఏమవుతుందో 2020 ఫిబ్రవరిలో తెలిసింది. కియారా తుపాను ఐరోపా వైపు పోతుండగా న్యూయార్క్ నుంచి లండన్‌కు బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో 4 గంటల 56 నిమిషాల్లో దిగింది. నేల మీద నుంచి చూస్తే గంటకు 1,300 కిలోమీటర్లకు పైగా వేగం, ధ్వని వేగాన్ని మించింది. అయినా ఎక్కడా ఢాంమని చప్పుడు రాలేదు. ఎందుకంటే చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం మామూలు వేగంతోనే పోతోంది, గాలే పరుగెత్తుతోంది. నిజంగా ధ్వనిని దాటి ఎగిరిన కాంకార్డ్ ఇదే దారిని 1996 ఫిబ్రవరి 7న 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో పూర్తి చేసింది. అమెరికా సైన్యపు ఎస్‌ఆర్-71 గూఢచారి విమానం 1974లో రెండు గంటల లోపే, 1 గంట 54 నిమిషాల 56 సెకన్లలో ఎగిరి వచ్చింది. కాంకార్డ్ 2003లో మూలన పడింది. అట్లాంటిక్ మీద మామూలు ప్రయాణికుడి ప్రయాణం అప్పటికన్నా ఇప్పుడు నెమ్మదించిందనేది రికార్డుల పుస్తకాల్లో అరుదుగా కనిపించే రకం సంగతి.

గాలిని మించిన అడ్డంకి ఒకటుంది, సరిహద్దు. 2022లో రష్యా గగనతలం ఐరోపా విమానాలకు మూతపడేసరికి ఫిన్‌ఎయిర్ సంస్థ హెల్సింకీ–టోక్యో ప్రయాణం తొమ్మిదిన్నర గంటల నుంచి పదమూడు గంటలకు చేరింది. ఉత్తర ధ్రువం మీదుగా తిరిగి వెళ్లక తప్పలేదు. 1983లో ఈ సర్వీసు మొదలైనప్పుడు, అంటే సోవియట్ యూనియన్ దారి ఇవ్వని రోజుల్లో, ఎగిరిన దారీ ఇంచుమించు అదే. అప్పట్లోలాగే ఈసారీ ధ్రువం దాటినందుకు ప్రయాణికుల చేతికి ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. మూడున్నర గంటలు అదనంగా కూర్చున్నందుకు ఓ కాగితమైనా దక్కింది! 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ గగనతలం మూసేశాక ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని చమురు కోసం వియన్నా లాంటి చోట్ల దిగాల్సి వచ్చింది.

తెరిచి ఉన్న దారి కూడా ఒక్కోసారి ఎక్కడికో తీసుకుపోతుంది. 2023 జూన్ 6న ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానానికి ఒక ఇంజన్లో తేడా వస్తే రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. ఆ ఊళ్లో అంతమందికి హోటల్ గదులు లేక కొందరు బడి గదుల్లో, హాస్టల్లో చాపలూ పరుపులూ పరచుకుని పడుకున్నారు. ముంబయి నుంచి ఇంకో విమానం వెళ్లి వాళ్లను గమ్యం చేర్చేసరికి జూన్ 8 వచ్చింది.

ఇంకో తమాషా. 2020 మార్చిలో తాహితీ దీవి నుంచి పారిస్‌కు ఎగిరిన విమానం మామూలుగా అయితే లాస్ ఏంజెలెస్‌లో ఆగాలి. కోవిడ్ నిబంధనలతో అమెరికాలో దిగే వీలు లేకపోయింది. దాంతో ఎయిర్ తాహితీ నుయి విమానం 15,715 కిలోమీటర్లు ఆగకుండా, పదహారు గంటల లోపు ఎగిరి నేరుగా పారిస్‌లో దిగింది. సింగపూర్–న్యూయార్క్‌ను మించిన దూరం. తాహితీ ఫ్రాన్స్ ఏలుబడిలోనిదే కాబట్టి, లెక్క ప్రకారం అది దేశీయ విమానం! మనం విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లినట్టే.

గంటల లెక్క పూర్తిగా తలకిందులయ్యే చోటు పసిఫిక్‌లో ఉంది. సమోవా, అమెరికన్ సమోవా పక్కపక్క దీవులు, మధ్యలో నూట పాతిక కిలోమీటర్లు. చిన్న విమానంలో అరగంట పైచిలుకు ప్రయాణం. కానీ అంతర్జాతీయ దినరేఖ ఆ మధ్యలోంచి పోతుంది, రెండు చోట్ల గడియారానికీ తేడా సరిగ్గా ఇరవై నాలుగు గంటలు. శనివారం ఉదయం పదింటికి సమోవాలో ఎక్కినవాళ్లు శుక్రవారం ఉదయం పదిన్నర దాటాక అవతల దిగుతారు. 2011 దాకా సమోవా కూడా ఆ పక్కనే ఉండేది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో వ్యాపారానికి వీలుగా ఉంటుందని రేఖ దాటాలనుకుని ఆ ఏడు డిసెంబరు 30ని క్యాలెండర్లోంచి తీసేశారు. గురువారం రాత్రి పడుకున్నవాళ్లు శనివారం లేచారు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు అక్కడ విమానమెక్కి శుక్రవారంలో దిగితే భోంచేయవచ్చా అన్నది పంచాంగకర్తలు తేల్చాలి.

దూరంలో కాక గాల్లో గడిపిన గంటల్లో రికార్డు చూస్తే, ప్రయాణికుల విమాన సర్వీసుల్లో అందరికన్నా ముందున్నది జెట్ విమానం కాదు. 1942లో సింగపూర్ జపాన్ చేతికి చిక్కడంతో ఆస్ట్రేలియాకు బ్రిటన్‌తో విమాన మార్గం తెగిపోయింది. మరుసటి ఏడు క్వాంటాస్ పెర్త్ నగరపు నది మీద నుంచి సిలోన్‌లో గాలే దగ్గరి కొగ్గల సరస్సుకు కాటలీనా అనే నీటి విమానాలు నడపడం మొదలెట్టింది. హిందూ మహాసముద్రం మీద సుమారు 5,600 కిలోమీటర్లు, గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగం. ఇరవై ఏడు గంటల నుంచి ముప్పై రెండు గంటల పైచిలుకు దాకా పట్టేది. జపాన్ వాళ్లకు జాడ తెలియకూడదని రేడియో నోరు మూసుకుని, రాత్రుళ్లు చుక్కల్ని చూసి దారి పట్టేవారు. ఆ ఐదు విమానాలకు చుక్కల పేర్లే పెట్టారు, వేగా, స్పైకా, రైజెల్, అంటారెస్, ఆల్టెయిర్ అని. వేగా అంటే మన అభిజిత్తు, స్పైకా అంటే చిత్త. తొమ్మిది వేల లీటర్ల చమురు పోశాక మిగిలిన చోటు ముగ్గురు ప్రయాణికులకు, డెబ్బై కిలోల లోపు ఉత్తరాల సంచులకు. ఒకే ప్రయాణంలో రెండు సూర్యోదయాలు చూసేవారు కాబట్టి దిగాక 'రెండు సూర్యోదయాల రహస్య సంఘం' సభ్యులుగా యోగ్యతాపత్రం రాసిచ్చేవారు. అన్నిటికన్నా పొడుగు ప్రయాణం 32 గంటల 9 నిమిషాలు. యుద్ధం ముగిసేలోపు 271 సార్లు అటూ ఇటూ దాటారు, ఒక్క విమానం కూడా పోలేదు.

గంటలు కాక రోజులు కావాలంటే అమెరికాలోని లాస్‌వెగాస్‌కు వెళ్లాలి. 1958 డిసెంబరు 4న రాబర్ట్ టిమ్, జాన్ కుక్ అనే ఇద్దరు ఒక సెస్నా 172లో పైకి లేచారు. అది నలుగురు పట్టే విమానం, అందులో ఒక సీటు తీసేసి పరుపు వేసుకున్నారు. హసియెండా అనే హోటల్ ప్రచారం కోసం, క్యాన్సర్ నిధి కోసం. మధ్యలో దొంగచాటుగా దిగలేదని రుజువు ఉండాలి కదా, లేచిన కాసేపటికే కింద కారును అదే వేగంతో తోలుతూ విమానం చక్రాలకు తెల్ల రంగు చార పూశారు. రోజుకు రెండుసార్లు తిన్నని ఎడారి రోడ్డు మీద ట్రక్కు పరుగెత్తుతుంటే విమానం దాని నెత్తిన ఎగిరేది. కప్పీతో గొట్టాన్ని పైకి లాక్కుని పెట్రోలు పట్టుకునేవారు. హోటల్ వంటింటి భోజనాన్ని థర్మాస్ ఫ్లాస్కుల్లో పడేలా ముక్కలు చేసి పంపేవారు. ముప్పై ఆరో రోజు తెల్లవారుజామున టిమ్ కునుకు తీశాడు. గంటకు పైగా విమానం తన దారిన తానే ఎగిరింది. తర్వాత జెనరేటర్ పోయింది, దీపాలు, హీటరు పోయాయి. ఆఖరికి 64 రోజుల 22 గంటల 19 నిమిషాలకు, ఫిబ్రవరి 7న, దించారు. తిరిగిన దూరం సుమారు 2,40,000 కిలోమీటర్లు, భూమి చుట్టూ ఆరుసార్లు. దిగింది మాత్రం ఎక్కిన చోటే. మనుషులున్న విమానాల్లో ఆ రికార్డును ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. ఆ సెస్నా ఇప్పుడు లాస్‌వెగాస్ విమానాశ్రయంలో ప్రయాణికులు సామాను తీసుకునే చోట పైకప్పుకు వేలాడుతోంది, కింద జనం పెట్టె ఎప్పుడొస్తుందా అని బెల్టు వంకే చూస్తుంటారు.